121 ఓటముల వైట్ సాక్స్: మేనేజర్ గురించీ అంపైర్ల గురించీ తరచుగా అడిగే ప్రశ్నలు

షికాగోకు రెండు బేస్‌బాల్ జట్లున్నాయి. ఉత్తరాన కబ్స్, దక్షిణాన వైట్ సాక్స్. 2024లో వైట్ సాక్స్ 162 ఆటలాడి 121 ఓడింది. 1901 నుంచి లెక్కించే ఆధునిక బేస్‌బాల్ చరిత్రలో ఒక్క సీజన్‌లో ఇన్ని ఆటలు ఓడిన జట్టు మరొకటి లేదు. నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్ళలో కూడా పిల్లల మూలంగానో, ఆఫీసు స్నేహితుల మూలంగానో ఈ జట్టుతో అనుబంధం పెంచుకున్నవాళ్ళు ఉన్నారు. క్రికెట్ చూసి పెరిగినవాళ్ళకు ఈ ఆటలో వచ్చే సందేహాలు వేరు. అందులోనూ కోపంలో పుట్టిన సందేహాలకు సమాధానం దొరకడం కష్టం. అలాంటివే ఇక్కడ చేర్చాను. నా అభిప్రాయాన్ని దాచుకోను: ఈ జట్టును ముంచింది అంపైర్లు కాదు, మేనేజర్ ఒక్కడూ కాదు. జట్టును అలా తయారుచేసి అతని చేతికిచ్చినవాళ్ళే ముంచారు.

2024లో ఇంత ఘోరం ఎలా జరిగింది?

మొదటి 25 ఆటల్లో గెలిచినవి 3 మాత్రమే. మే చివర్లో మొదలైన వరుస ఓటములు 14 దాకా వెళ్ళాయి. జులై 10న మొదలైన మరో వరుస ఆగస్టు 5 వరకు సాగి 21 దగ్గర ఆగింది. అమెరికన్ లీగ్‌లో (అమెరికా బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో వైట్ సాక్స్ ఆడేది) అంతకుముందు 21 వరుస ఓటములు చూసినది 1988 నాటి బాల్టిమోర్ ఒరియోల్స్ ఒక్కటే. ఆగస్టు 6న ఓక్లాండ్‌లో 5-1తో గెలిచి వైట్ సాక్స్ ఊపిరి పీల్చుకుంది. రెండు రోజులకే మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ను తొలగించారు. సెప్టెంబరు 22న శాన్ డియేగోలో 120వ ఓటమితో 1962 నాటి న్యూయార్క్ మెట్స్ సరసన చేరింది. సెప్టెంబరు 27న డెట్రాయిట్‌లో 121వ ఓటమితో ఆ రికార్డును దాటేసింది. అదే రాత్రి, అదే మైదానంలో డెట్రాయిట్ టైగర్స్ ప్లేఆఫ్స్‌కు అర్హత సాధించి సంబరాలు చేసుకుంది. చివరి రెండు ఆటలూ గెలిచి 41-121తో, అంటే 41 గెలుపులు, 121 ఓటములతో వైట్ సాక్స్ సీజన్ ముగించింది.

అభిమానులను ఎక్కువగా బాధించింది 121 అనే అంకె కూడా కాదు. 1962లో మెట్స్ అప్పుడే పుట్టిన జట్టు, దాని మీద ఎవరికీ ఆశల్లేవు. వైట్ సాక్స్ అలా కాదు. 2021లో 93 ఆటలు గెలిచి తన డివిజన్‌లో (లీగ్‌లోని అయిదు జట్ల విభాగంలో) మొదటి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడు 81-81, ఆ తర్వాత 61-101, ఆపైన ఇది. మూడేళ్ళలో కళ్ళముందే కూలిపోయింది.

బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే కోచ్ లాంటివాడేనా? అతని చేతిలో నిజంగా ఏముంది?

క్రికెట్‌లో కెప్టెన్ మైదానంలో చేసే పనిలో పెద్ద భాగం ఇక్కడ మేనేజర్ డగౌట్‌లో నిలబడి చేస్తాడు. ఆటగాళ్ళతో పాటు తానూ జట్టు దుస్తులే వేసుకుంటాడు. ఎవరు ఏ వరుసలో బ్యాటింగ్‌కు రావాలో రాసిన పట్టికను ఆటకు ముందు అంపైర్‌కు అందించే బాధ్యత అతని వైపుదే. పిచర్ (బంతి వేసేవాడు) అలసిపోయాడా, ఇంకో బ్యాటర్ దాకా ఆగవచ్చా, ఎడమచేతి వాటం బ్యాటర్ వస్తే ఎవరిని దించాలి అన్నవి అతను తీసుకునే నిర్ణయాలు. 2020 నుంచి కొత్తగా వచ్చిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి అన్న నిబంధన వచ్చింది కాబట్టి ఎంపికలో తప్పు జరిగితే వెంటనే దిద్దుకునే వీలూ తగ్గింది.

అతని చేతిలో లేనిదే ఎక్కువ. ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, ఎంత డబ్బు ఖర్చు పెట్టాలి అన్నవి జనరల్ మేనేజర్, యజమాని తేల్చే విషయాలు. పేర్లు దగ్గరగా ఉండటంతో మేనేజర్నీ జనరల్ మేనేజర్నీ ఒకరే అనుకోవడం కొత్తగా చూసేవాళ్ళలో మామూలే. 2024లో మేనేజర్ గ్రిఫోల్, జనరల్ మేనేజర్ క్రిస్ గెట్జ్.

అయితే గ్రిఫోల్ తప్పేమీ లేదంటారా?

తప్పులున్నాయి. రెండు సీజన్లలో అతని లెక్క 89 గెలుపులు, 190 ఓటములు. ఏ జట్టుతోనైనా ఇది సమర్థించుకోగలిగిన లెక్క కాదు. తొలి ఏడాది, అంటే 2023లో, జట్టు 2024 నాటి జట్టంత బలహీనంగా లేదు. అయినా 101 ఆటలు ఓడింది. ఫీల్డింగ్‌లో, బేసుల (పరుగు పూర్తి కావడానికి రన్నర్ వరుసగా తాకాల్సిన నాలుగు గుర్తుల) మధ్య పరుగులో చిన్నపిల్లలు చేసే పొరపాట్లు పెద్ద జట్టులో వారం వారం కనిపించాయి. అభిమానులకు ఒళ్ళు మండింది ఓటముల కన్నా వీటికే. బంతి ఎటు వెళ్తే ఎవరు ఎక్కడ నిలబడాలో నేర్పడానికి యజమాని డబ్బు అక్కర్లేదు.

మే నెలాఖరులో బాల్టిమోర్ చేతిలో ఓడాక అతను తన జట్టులో చురుకే లేదని విలేకరుల ముందే తిట్టిపోశాడు. ఆ మాటతో ఏకీభవించని ఆటగాళ్ళు ఆ సంగతిని పైకే చెప్పారు. గదిలో తలుపులు వేసుకుని అనాల్సిన మాట బయట అంటే మేనేజర్ తన కింద నిలబడేవాళ్ళను పోగొట్టుకుంటాడు. అతన్ని తీసేయడం సబబే అని నేనూ అంటాను. అతను వెళ్ళిపోతే బాగుపడుతుంది అన్న మాటతోనే నాకు పేచీ.

మే 23న ఒరియోల్స్‌తో ఆటను అంపైరే ఓడించాడు కదా?

ఆ సీజన్‌లో ఎక్కువగా వాదించుకున్న ఘట్టం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చూద్దాం.

తొమ్మిదో, అంటే చివరి ఇన్నింగ్స్ రెండో సగం, వైట్ సాక్స్ బ్యాటింగ్. ఒరియోల్స్ 8, వైట్ సాక్స్ 6. ఒకరు ఔట్. మొదటి, రెండో బేసుల్లో ఇద్దరు రన్నర్లు. అంటే ఇంకో మంచి దెబ్బ పడితే ఆట మలుపు తిరుగుతుంది. బ్యాటర్ ఆండ్రూ బెనింటెండీ కొట్టిన బంతి నేరుగా గాల్లోకి లేచి షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) దగ్గర పడబోతోంది. ఇలాంటప్పుడు బంతి పట్టినా పట్టకపోయినా బ్యాటర్ ఔట్ అని అంపైర్లు ముందే ప్రకటిస్తారు. దీన్ని ఇన్‌ఫీల్డ్ ఫ్లై నిబంధన అంటారు. ఫీల్డర్ కావాలని బంతి జారవిడిచి, తెలియక నిలబడ్డ రన్నర్లను ఔట్ చేసే మోసానికి తావు ఉండకూడదని పెట్టినది. సరే, రెండో ఔట్ అయింది. రెండో బేసు దగ్గరి రన్నర్ ఆండ్రూ వాన్ తిరిగి బేసు వైపు వెళ్తున్నాడు. షార్ట్‌స్టాప్ గన్నార్ హెండర్సన్ పైకి చూస్తూ అటే వచ్చాడు. ఇద్దరూ దగ్గరయ్యారు. హెండర్సన్ బంతి హాయిగా పట్టుకున్నాడు. అంతలో అంపైర్ జూనియర్ వాలెంటైన్ వాన్ ఫీల్డర్‌కు అడ్డొచ్చాడని తేల్చాడు. మూడో ఔట్‌తో ఇన్నింగ్స్, దాంతోపాటే ఆటా ముగిసింది. మేనేజర్ వాదించినా ఫలితం లేదు, ఎందుకంటే ఇలాంటి అడ్డగింపు నిర్ణయాలు రీప్లేకు వెళ్ళవు.

నిబంధన ఏమంటుందంటే, కొట్టిన బంతిని అందుకునే ఫీల్డర్‌కు దారి ఇవ్వడం రన్నర్ బాధ్యత. కావాలని చేశాడా, చూడక చేశాడా అన్నది అక్కర్లేదు. ఆ అక్షరం ప్రకారం అంపైర్‌ను పూర్తిగా తప్పుపట్టలేం. అయితే బ్యాటర్ ఎలాగూ ఔట్, క్యాచ్‌కు ఇబ్బందీ రాలేదు. ఆ పరిస్థితిలో అంపైర్‌కు విచక్షణ ఉందని, ఆ నిర్ణయం ఇవ్వాల్సిన అవసరం లేదని లీగ్ తర్వాత జట్టుకు చెప్పినట్టు వార్తలొచ్చాయి. నా దృష్టిలో అది చెడ్డ నిర్ణయమే. రెండు జట్లు మూడు గంటలు ఆడిన ఆటను, ఎవరికీ నష్టం కలిగించని ఒక అడుగు మీద ముగించకూడదు.

కానీ ఆటను అంపైర్ ఓడించాడు అన్నది వేరే మాట. అప్పటికి రెండు పరుగులు వెనకబడి ఉన్నాం. ఇద్దరు ఔట్ అయ్యారు. ఆ నిర్ణయం మన నుంచి లాక్కున్నది గెలుపును కాదు, గెలవడానికి మిగిలిన ఒక చివరి అవకాశాన్ని. అదీ తక్కువేమీ కాదు, అందుకే కోపం వస్తుంది.

సీజన్ మొత్తం మీద అంపైర్ల వల్ల, దురదృష్టం వల్ల ఎన్ని ఆటలు పోయి ఉంటాయి?

ఉజ్జాయింపుగా చెప్పే దారి ఒకటుంది. జట్టు చేసిన పరుగులు, ఇచ్చిన పరుగులు చూసి ఎన్ని ఆటలు గెలవాల్సిందో లెక్కగట్టే సూత్రాన్ని బిల్ జేమ్స్ అనే గణాంక పరిశీలకుడు ప్రచారంలోకి తెచ్చాడు. చేసిన పరుగుల వర్గాన్ని, రెండింటి వర్గాల మొత్తంతో భాగించాలి. వైట్ సాక్స్ 507 పరుగులు చేసింది, 813 ఇచ్చింది. లెక్క వేస్తే 0.28 వస్తుంది. 162 ఆటల్లో అది 45 గెలుపులు. గెలిచినవి 41.

అంటే దగ్గర దగ్గరగా ముగిసిన ఆటల్లో జరిగిన అన్యాయం, దురదృష్టం, ఆఖరి ఇన్నింగ్స్ పిచర్ల వైఫల్యం, మేనేజర్ తప్పుడు ఎంపికలు, అన్నీ కలిపినా నాలుగు ఆటల తేడా. ఆ నాలుగూ వెనక్కి ఇచ్చేసినా 45-117. అప్పుడు రికార్డు పేరు తప్పుతుంది, అవమానం తప్పదు. ఆటకు సగటున మూడు పరుగులు చేసి అయిదు ఇచ్చే జట్టును ఏ అంపైరూ గెలిపించలేడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ప్రతి ఓటమికీ అంపైర్‌ను చూపిస్తే, అసలు బాధ్యులు హాయిగా తప్పించుకుంటారు.

టీవీలో బంతి పెట్టె బయట పడినట్టు స్పష్టంగా కనిపిస్తుంది. అంపైర్ స్ట్రైక్ అంటాడు. ఇదేం న్యాయం?

ఆ పెట్టె పేరు స్ట్రైక్ జోన్. బ్యాటర్ కొట్టకుండా వదిలేసిన బంతి అందులోంచి పోతే స్ట్రైక్, బయట పోతే బాల్. మూడు స్ట్రైకులకు బ్యాటర్ ఔట్, నాలుగు బాల్స్‌కు అతనికి మొదటి బేసు ఉచితం. టీవీలో కనిపించే ఆ పెట్టె అంపైర్‌కు కనిపించదు. అతను క్యాచర్ (వికెట్ కీపర్ లాంటివాడు) వెనక వంగి నిలబడి, గంటకు 95 మైళ్ళ వేగంతో 0.4 సెకన్లలో వచ్చే బంతి 17 అంగుళాల వెడల్పు హోమ్ ప్లేటు (బ్యాటర్ పక్కన నేల మీది పలక) మీదుగా పోయిందో లేదో తేల్చాలి. చివరి క్షణంలో బంతి పక్కకు తిరుగుతుంది. పైగా క్యాచర్ దాన్ని పట్టుకుంటూనే గ్లవ్‌ను మెల్లగా లోపలికి జరుపుతాడు. అలా అంపైర్ కన్నును నమ్మించడం క్యాచర్లకు ఏళ్ళ తరబడి సాధన చేసిన విద్య. ఇంత జరిగినా వాళ్ళు వదిలేసిన బంతుల్లో 90 శాతానికి పైగా సరిగ్గానే చెబుతున్నారు. మిగిలిన తప్పులే మనకు గుర్తుండిపోతాయి, ఎందుకంటే ఎక్కువగా అంచుల మీద, కీలకమైన సమయంలో పడతాయి.

ఒక బాల్‌ను స్ట్రైక్ అంటే దాని విలువ సగటున పరుగులో పదో వంతుకు అటూ ఇటూ. తప్పులు రెండు జట్ల మీదా పడతాయి. మూడు బాల్స్, రెండు స్ట్రైకులు ఉన్నప్పుడు, బేసులన్నీ నిండి ఉన్నప్పుడు పడే తప్పు మాత్రం ఆటనే మార్చేస్తుంది. అది నిజం, దానికి పరిష్కారం ఎప్పుడో రావాల్సింది.

పరిష్కారం వచ్చిందా?

వచ్చింది. 2014 నుంచి ఔట్, సేఫ్ వంటి చాలా నిర్ణయాలను మేనేజర్ రీప్లేకు పంపవచ్చు. వాటిని న్యూయార్క్‌లోని కేంద్రంలో చూస్తారు. బాల్, స్ట్రైక్ నిర్ణయాలను మాత్రం అందులోంచి మినహాయించారు. 2026 సీజన్ నుంచి వాటికీ సవాలు చేసే పద్ధతి అమల్లోకి తెచ్చారు. ఒక్కో జట్టుకు రెండు సవాళ్ళు. సవాలు నెగ్గితే అది మిగులుతుంది. బ్యాటర్, పిచర్, క్యాచర్ ముగ్గురిలో ఒకరు తల మీద తట్టి వెంటనే అడగాలి. మేనేజర్‌కు ఆ హక్కు లేదు, డగౌట్ నుంచి సైగలూ కుదరవు. స్ట్రైక్ జోన్ పై గీత బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం, కింది గీత 27 శాతం.

క్రికెట్ అభిమానులకు డీఆర్‌ఎస్ అలవాటే కాబట్టి ఇది వింతగా అనిపించదు. బంతి జాడ పట్టే హాక్‌ఐ పరిజ్ఞానం కూడా రెండు ఆటల్లోనూ ఉన్నదే. పెద్ద తేడా ఒకటుంది. డీఆర్‌ఎస్‌లో అంచు నిర్ణయాలకు అంపైర్స్ కాల్ అనే వెసులుబాటు ఉంది, ఇక్కడ లేదు. బంతిలో ఏ కొంచెం గీతను తాకినా స్ట్రైకే. నాకు ఇదే నచ్చింది.

అంపైర్లకు మా జట్టంటే కక్ష అనిపిస్తుంది. నిజమేనా?

కాదు. వైట్ సాక్స్ అభిమానికి ఆ మాట అనే అర్హత ఇంకా తక్కువ. 2005 అక్టోబరు 12న జరిగినది తెలిస్తే అర్థమవుతుంది.

ఏంజెల్స్‌తో లీగ్ ఫైనల్ సిరీస్ రెండో ఆట. మొదటిది వైట్ సాక్స్ ఓడింది. స్కోరు 1-1, తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం, ఇద్దరు ఔట్. ఎ.జె. పియర్‌జిన్‌స్కీ మూడో స్ట్రైక్‌కు బ్యాటు ఊపి బంతిని తప్పాడు. బంతి నేల మీదికి దిగింది. క్యాచర్ జాష్ పాల్ దాన్ని నేలకు తగలకుండానే పట్టానని నమ్మి, బంతిని మధ్యలోకి దొర్లించి డగౌట్ వైపు నడిచాడు. ప్లేట్ అంపైర్ డగ్ ఎడింగ్స్ పిడికిలి బిగించి సైగ చేశాడు, కానీ బ్యాటర్ ఔట్ అని నోటితో అనలేదు. మూడో స్ట్రైక్ బంతి నేలను తాకితే బ్యాటర్ మొదటి బేసుకు పరుగెత్తవచ్చు. పియర్‌జిన్‌స్కీ రెండడుగులు డగౌట్ వైపు వేసి, ఒక్కసారిగా తిరిగి పరుగందుకున్నాడు. అడ్డుకునేవాళ్ళు లేరు. అతని స్థానంలో వచ్చిన రన్నర్ పాబ్లో ఒజూనా రెండో బేసు దొంగిలించాడు, అంటే బంతిని ఎవరూ కొట్టకుండానే పరుగెత్తి అక్కడికి చేరాడు. జో క్రీడ్ బంతిని ఎడమ వైపు గోడకు కొట్టాడు. 2-1తో వైట్ సాక్స్ గెలిచింది. ఆ తర్వాత వరుసగా మూడు ఆటలు, ఆపైన హ్యూస్టన్ మీద వరుసగా నాలుగు గెలిచి, 1917 తర్వాత మళ్ళీ ప్రపంచ సిరీస్ అందుకుంది.

ఆ రాత్రి లాస్ ఏంజెలిస్ పక్కనున్న ఆనహైమ్‌లో ఏంజెల్స్ అభిమానులు ఏమనుకుని ఉంటారో ఊహించండి. మనం అంపైర్ మీద మండిపడుతున్నప్పుడు వాళ్ళనూ గుర్తుచేసుకోవాలి.

అంపైర్ తప్పు చేస్తే ఎప్పుడైనా ఒప్పుకుంటాడా?

2010 జూన్ 2న డెట్రాయిట్‌లో అర్మాండో గలర్రాగా అనే పిచర్ వరుసగా 26 మంది బ్యాటర్లను ఔట్ చేశాడు. ఇంకొక్కడు ఔటైతే పర్ఫెక్ట్ గేమ్, అంటే ప్రత్యర్థి బ్యాటర్ ఒక్కడూ బేసు చేరని ఆట. 27వ బ్యాటర్ మొదటి బేసు దగ్గర స్పష్టంగా ఔటయ్యాడు. అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. అప్పట్లో హోమ్ రన్‌కు తప్ప రీప్లే లేదు. ఆట అయ్యాక వీడియో చూసిన జాయిస్ తనదే తప్పని విలేకరులకు చెప్పి, గలర్రాగాకు స్వయంగా క్షమాపణ చెప్పుకున్నాడు. మర్నాడు డెట్రాయిట్ మేనేజర్ జిమ్ లేలాండ్ బ్యాటింగ్ పట్టికను తాను తీసుకువెళ్ళకుండా గలర్రాగా చేత పంపించాడు. హోమ్ ప్లేట్ దగ్గర ఆ కాగితం అందుకుంటూ జాయిస్ కళ్ళు తుడుచుకున్నాడు, పిచర్ భుజం తట్టాడు. ముందురోజు మోసపోయామనుకున్న జనమే ఇద్దరికీ చప్పట్లు కొట్టారు. మేనేజర్ అంటే ఇలా ఉండాలి అని నాకు అనిపించే సందర్భాల్లో ఇది మొదటిది.

మేనేజర్ అంపైర్ మీదికి వెళ్ళి అరిచి, బయటకు గెంటించుకుంటే జట్టుకు లాభమా?

నిర్ణయం మారదు. అయినా అనుభవజ్ఞులు అది ఊరికే చెయ్యరు. బ్యాటర్ అంపైర్‌తో గొడవకు దిగి బహిష్కరణకు గురైతే ఆ ఆటకు అతను లేనట్టే. మధ్యలోకి మేనేజర్ వచ్చి తిట్లు తన మీద వేసుకుంటే ఆటగాడు మిగులుతాడు. అట్లాంటాకు చెందిన బాబీ కాక్స్ 150కి పైగా ఆటల్లో ఇలా బయటకు వెళ్ళాడు. అతని ఆటగాళ్ళు అతన్ని ప్రాణంగా చూసుకోవడానికి అదొక కారణం. గ్రిఫోల్ ఇంకా గట్టిగా పోట్లాడి ఉండాల్సిందని కోరుకున్న అభిమానుల బాధ నాకు అర్థమవుతుంది. వాళ్ళు కోరింది ఫలితం కాదు, తమ కోపం డగౌట్‌లోనూ ఎవరో ఒకరికి ఉందన్న ధైర్యం.

సీజన్ మధ్యలో మేనేజర్‌ను మారిస్తే జట్టు బాగుపడుతుందా?

సత్తా ఉన్న జట్టయితే బాగుపడవచ్చు. 2022లో ఫిలడెల్ఫియా 22-29 దగ్గర జో జిరార్డీని తొలగించి రాబ్ థామ్సన్‌ను పెట్టింది. ఆ ఏడే ప్రపంచ సిరీస్‌కు చేరింది. సత్తా లేకపోతే ఎవరు వచ్చినా ఒకటే. 2025 మే నెలలో కొలరాడో రాకీస్ 21-0తో ఓడిన మర్నాడు బడ్ బ్లాక్‌ను తొలగించింది. ఆ సీజన్ 43-119తో ముగిసింది.

1988లో బాల్టిమోర్ ఆరు ఆటలు ఓడగానే కాల్ రిప్కెన్ సీనియర్‌ను పంపేసి ఫ్రాంక్ రాబిన్సన్‌ను తెచ్చింది. అతని కింద ఇంకో 15 వరుసగా ఓడి 0-21కి చేరింది. మొదటి గెలుపు ఏప్రిల్ 29న షికాగోలో, వైట్ సాక్స్ మీదే, 9-0తో. ఆ సీజన్‌లో 107 ఓడినా మరుసటి ఏడు అదే రాబిన్సన్‌తో 87 గెలిచి డివిజన్ కోసం చివరి వారం దాకా పోరాడింది. ఏడాదిలో మారింది ఆటగాళ్ళు, మేనేజర్ కాదు.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే 2021 ఐపీఎల్ చాలు. సన్‌రైజర్స్ హైదరాబాద్ సీజన్ మధ్యలో డేవిడ్ వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి తప్పించి విలియమ్సన్‌కు ఇచ్చింది. 14లో 3 గెలిచి ఆఖరి స్థానంలోనే ఉండిపోయింది.

వైట్ సాక్స్ సంగతి: గ్రిఫోల్ కింద ఆ ఏడు 28-89. తాత్కాలికంగా వచ్చిన గ్రేడీ సైజ్‌మోర్ కింద 13-32. కాస్త నయం, అంతే.

మరి అసలు బాధ్యులెవరు?

జెర్రీ రైన్స్‌డార్ఫ్ 1981 నుంచి ఈ జట్టు యజమాని. షికాగో బుల్స్ కూడా ఆయనదే. 2020 తర్వాత, వైట్ సాక్స్‌కు మంచి యువ ఆటగాళ్ళు దొరికిన సమయంలో, అప్పటికి దాదాపు పదేళ్ళుగా మేనేజర్ పని చేయని టోనీ లా రస్సాను తీసుకొచ్చారు. అతను గొప్ప మేనేజరే, కానీ అతని గొప్పతనం వేరే కాలానిది. జట్టు జారిపోతుంటే 2023 ఆగస్టులో ఉపాధ్యక్షుడు కెన్ విలియమ్స్‌ను, జనరల్ మేనేజర్ రిక్ హాన్‌ను తొలగించారు. బయట వెతక్కుండా లోపలి నుంచే గెట్జ్‌ను జనరల్ మేనేజర్ చేశారు.

2024 సీజన్ మొదలవడానికి రెండు వారాల ముందు మంచి పిచర్ డిలన్ సీస్‌ను శాన్ డియేగోకు ఇచ్చేశారు. ఏప్రిల్‌లోనే లూయిస్ రాబర్ట్, యోవాన్ మొంకాడా గాయపడితే వాళ్ళ స్థానంలో నిలబడగల వాళ్ళు లేరు. జులై చివర్లో ఫెడ్డీ, ఫామ్, కోపెక్ అనే ఆటగాళ్ళను కూడా వేరే జట్లకు పంపేశారు. మిగిలిన జట్టుతో ఆగస్టు, సెప్టెంబరు ఆడమన్నారు. తర్వాత ఓడినందుకు మేనేజర్‌ను తీసేశారు. దీనికి ఏ పేరు పెట్టినా నాయకత్వం అని మాత్రం అనలేం.

ఇంత ఓడితే డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే పద్ధతిలో) మొదటి ఆటగాడు దక్కుతాడు కదా, అదన్నా లాభమే?

అదీ దక్కలేదు. మొదటి ఆరు స్థానాలకు ఇప్పుడు లాటరీ వేస్తున్నారు. ఆదాయ పంపిణీలో ఇచ్చే వైపు ఉన్న జట్టు వరుసగా రెండేళ్ళు లాటరీ స్థానం పొందకూడదు. 2024లో అయిదో స్థానం తీసుకున్నందున 2025లో వైట్ సాక్స్‌కు పదో స్థానమే వచ్చింది.

జట్టు ఓడిపోవాలని అభిమానే కోరుకోవడం ద్రోహం కాదా?

2024 సెప్టెంబరు 24న జనం మైదానానికి వచ్చింది 121వ ఓటమి చూద్దామని కూడా. రికార్డు మన ఊళ్ళోనే, మన కళ్ళముందే పడితే యజమానికి తలెత్తుకునే చోటు ఉండదన్న ఆలోచన. జట్టును అమ్మెయ్యి అంటూ స్టాండ్లన్నీ కలిసి నినదించాయి. వెనకబడి ఉన్న వైట్ సాక్స్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగులు చేసి 3-2తో గెలిచేసింది. ఏంజెల్స్ మీద ఆ సిరీస్‌లో మూడూ గెలిచింది.

నేను దాన్ని ద్రోహం అనను. టికెట్ కొని, ఓడే జట్టు చొక్కా తొడుక్కుని, రాత్రి పది దాకా కూర్చుని అరిచేవాడికి జట్టు అక్కర్లేదని ఎలా అంటాం? అక్కర్లేనివాడు ఇంట్లో కూర్చుంటాడు.

స్టాండ్‌లో కూర్చుని ఎంతవరకు అరవచ్చు?

అంపైర్‌కు కళ్ళు కనపడవని అరవండి, మేనేజర్‌ను ఇంటికి పొమ్మనండి, యజమానిని అమ్మెయ్యమనండి. ఆట మొదలైనప్పటి నుంచీ ఉన్న హక్కు అది. కుటుంబం జోలికి వెళ్ళకండి. 2025 జూన్ 24న ఇదే మైదానంలో ఒక ప్రేక్షకుడు అరిజోనా ఆటగాడు కెటెల్ మార్టేను చనిపోయిన అతని తల్లి పేరెత్తి హేళన చేశాడు. మార్టే మైదానంలోనే ఏడ్చాడు. మేనేజర్ టోరీ లవల్లో అతన్ని భుజం పట్టుకుని ఓదార్చాడు. ఆ ప్రేక్షకుణ్ణి లీగ్ అన్ని మైదానాల నుంచీ నిరవధికంగా నిషేధించింది. సరైన పనే చేశారు. ఇక ఫోనులో అంపైర్లకు, ఆటగాళ్ళకు బెదిరింపులు పంపడం అభిమానం కిందికి రాదు, నేరం కిందికి వస్తుంది.

ఇప్పుడు జట్టు పరిస్థితి ఏమిటి?

2025కి విల్ వెనబుల్ మేనేజర్‌గా వచ్చాడు. 60-102. మళ్ళీ వంద దాటినా, 19 గెలుపులు పెరిగాయి. తమ దగ్గరున్న అత్యుత్తమ పిచర్ గారెట్ క్రోషేను అంతకుముందే బోస్టన్‌కు ఇచ్చి యువ ఆటగాళ్ళను తెచ్చుకున్నారు. జస్టిన్ ఇష్బియా అనే పెట్టుబడిదారుకు జట్టు పగ్గాలు క్రమంగా అప్పగించే ఒప్పందాన్ని 2025 జూన్‌లో ప్రకటించారు. అయితే 2029 కన్నా ముందు అది జరగదు, ఆ తర్వాత కూడా 2033 వరకు నిర్ణయం రైన్స్‌డార్ఫ్ చేతిలోనే ఉంటుంది. అమ్మెయ్యి అని అరిచినవాళ్ళు ఇంకొన్నేళ్ళు అరవాల్సి రావచ్చు.

మొదటిసారి చూడటానికి వెళ్ళేవాళ్ళు ఎలా వెళ్ళాలి?

మైదానం పేరు ఇప్పుడు రేట్ ఫీల్డ్. రెడ్ లైన్ రైల్లో సాక్స్-35వ వీధి స్టేషన్‌లో దిగితే వంతెన దాటగానే కనిపిస్తుంది. ఏప్రిల్‌లో సాయంత్రం ఆటకు వెళ్తే మందపాటి కోటు తప్పనిసరి. హోమ్ ప్లేట్ వెనక వైపు పై అంతస్తులో కూర్చుంటే స్ట్రైక్ జోన్ గురించి వాదించడానికి అన్నిటికన్నా మంచి కోణం దొరుకుతుంది.